నమ్మేటోళ్లను, నమ్మనోళ్లను ఒకచోట కూసోబెట్టి ప్రశ్నలు అడగాలంటే ఎట్ల?

ప్రశ్న: పఠనమందిరం_హన్మకొండ

అందరికీ నమస్కారం. మా వాడలో చిన్న పఠనమందిరం ఉన్నది. నెలకోసారి పది పదిహేను మందిమి కూసొని ఏదో ఒక విషయం మీద మాట్లాడుకుంటం. వచ్చే మూడు బైఠకులు 'నమ్మకం' మీద పెట్టాలనుకున్నం. గుడికి పోయేటోళ్లు, చర్చికి పోయేటోళ్లు, నమాజు చేసేటోళ్లు, ఏ దేవుణ్నీ ఒప్పుకోనోళ్లు అందరూ వస్తరు.

చిక్కేందంటే, అడిగిన ప్రశ్న ఒకటి, వచ్చే జవాబు ఇంకోటి. 'మేడారంలో బెల్లం ఎందుకు ఇస్తరు' అంటే 'మా తాతల కాలం నుంచి ఉన్నది' అంటరు. 'దేవుడు లేడని ఎట్ల చెప్తవ్' అని నాస్తికుణ్ని అడిగితే దొంగ బాబాల సంగతి ఎత్తుకుంటడు. ఇద్దరికీ జవాబు చెప్పినట్టే ఉంటది, అడిగినోనికి మాత్రం ఏమీ అందదు. తేడా ఎక్కడ వస్తున్నది? బైఠకును ఎట్ల నడపాలె? ఎవరు గెలవాలన్నది మాకు అక్కర లేదు.

జవాబు: నర్సంపేట_సారు

తమ్మీ, జవాబులు దారి తప్పే ముందే ప్రశ్నలు కలగాపులగమైతున్నయ్. మీ బెల్లం ప్రశ్ననే పట్టుకుందాం. ఆ ఒక్క వాక్యంల నాలుగు ప్రశ్నలు దాగున్నయ్.

ఒకటి, అక్కడ ఏం చేస్తరు అన్నది. తక్కెడల ఒక దిక్కు మనిషి కూసుంటడు, ఇంకో దిక్కు అంతే బరువు బెల్లం పెడతరు. దాన్ని నిలువెత్తు బంగారం అంటరు, గద్దెల కాడ సమర్పిస్తరు. జాతరల బుధవారం సారలమ్మ కన్నెపల్లి నుంచి గద్దెకొస్తది, గురువారం సమ్మక్క చిలకలగుట్ట దిగుతది, శుక్రవారం మొక్కులు, శనివారం వనప్రవేశం. దీనికి నమ్మినోడు చెప్పినా నమ్మనోడు చెప్పినా జవాబు ఒక్కటే రావాలె.

రెండోది, అది ఇచ్చేటోనికి దాని అర్థమేంది. ఇది మొక్కు, అంటే ఇచ్చిన మాట. పిల్లకు జరం తగ్గితే బంగారం తూస్తనని తల్లికి మాట ఇచ్చిండు, ఆ మాట చెల్లిస్తున్నడు. ఈ ప్రశ్నకు జవాబు ఇచ్చిన మనిషి దగ్గరనే ఉంటది, మూడో మనిషి చెప్పరాదు.

మూడోది, మొక్కు వల్లనే జరం తగ్గిందా అన్నది. ఇది వాస్తవం గురించిన ప్రశ్న. అవును అనో, కాదు అనో, తెల్వదు అనో చెప్పాలె.

నాలుగోది నోటితోని ఎవరూ అడగరు గని అందరికీ వినబడతది: 'ఇంత చదువుకున్నవ్, నువ్వు కూడానా?' మీ దగ్గర 'తాతల కాలం నుంచి' అన్నాయన జవాబు దీనికే. మీరు రెండోది అడిగిండ్రు, ఆయన నాలుగోది విన్నడు. తన పరువు, తన ఇంటి పరువు కాపాడుకుంటున్నడు. నాస్తికుని సంగతీ అంతే. 'దేవుడు లేడని ఎట్ల చెప్తవ్' అంటే ఆయనకు 'నీకెంత పొగరు' అని వినబడ్డది, అందుకే దొంగ బాబాలను ముందరేసుకున్నడు.

ఇక నడుపుడు. పన్నెండు మంది కన్నా ఎక్కువైతే రెండు గుంపులు చేయుండ్రి. ప్రశ్నలు ఒకరోజు ముందే చీటీల మీద రాసియ్యమనుండ్రి, ఒక చీటీకి ఒకే వాక్యం. నడిపేటాయన చీటీ వెనుక ఇది ఆచారమా, అర్థమా, వాస్తవమా అని రాయాలె. మూడింట్ల ఏదీ కాకుంటే అది నాలుగోదే, దాన్ని అడిగినోనికే వాపసియ్యాలె, మార్చి రాసుకొస్తడు.

బైఠకుల జవాబు చెప్పేటాయన ముందుగాల ప్రశ్నను తన మాటలల్ల తిరిగి చెప్పాలె. అడిగినోడు 'అదే' అంటేనే జవాబు మొదలు. రెండుసార్లు చెప్పినా 'అదే' అనకపోతే చీటీ పక్కకు పెట్టుండ్రి. జవాబుకు రెండు నిమిషాలు, అడిగినోనికి ఇంకొక్క ప్రశ్న, దానికి ఒక నిమిషం. తిరిగి చెప్పుడుకే టైం ఎక్కువ పోతది, గంటన్నరల ఎనిమిది తొమ్మిది చీటీలే అయితయ్. అది చాలు. ఇరవై చేయాలని తొందరపడితే తిరిగి చెప్పుడు ఎగిరిపోతది, అది పోతే మళ్ల మొదటికే.

ఇంకొక గుంత మన భాషలనే ఉన్నది. 'మీరు' అంటే ఎదుటి మనిషికి మర్యాద, మీవాళ్లందరూ అని కూడా అర్థం. 'మీరు యాటను ఎందుకు కోస్తరు' అంటే ఆ మనిషిని అడిగినట్టా, ఆయన కులాన్నో మతాన్నో అడిగినట్టా? విన్నాయన రెండోదే పట్టుకొని వెయ్యి మంది తరఫున మాట్లాడుడు షురూ చేస్తడు. అందుకని చీటీ మీద పేరు పెట్టి రాయమనుండ్రి: 'ఫలానా అన్నా, నీ ఇంట్ల'. సగం లొల్లి అక్కడనే తగ్గుతది.

జవాబు: చార్వాక_కాజీపేట

సారు చెప్పినదానికి నాస్తికుల వైపు నుంచి కొంత చేరుస్తాను. మావాళ్లు చేసే పొరపాట్లే ముందు రాస్తాను, వాటిని ఎవరూ రాయరు కాబట్టి.

'నాస్తికుడు' అన్న మాటే ఒక చిక్కు. పాత శాస్త్రాల్లో ఆ మాటకు వేదాన్ని ప్రమాణంగా ఒప్పుకోనివాడని అర్థం. ఆ లెక్కన బౌద్ధులు, జైనులు నాస్తికులు. సృష్టికర్త అక్కర లేదన్న మీమాంసకులు మాత్రం వేదాన్ని ఒప్పుకున్నారు కాబట్టి ఆస్తికులే. ఈనాటి వాడుక వేరు. అందుకే నాస్తికుణ్ని మొదట అడగాల్సింది 'నువ్వు ఏది ఒప్పుకోవు' అని. 'దేవుడు లేడు' అనేవాడు ఒకడు, 'ఉన్నాడనడానికి ఆధారం చాలదు, అందుకే ఒప్పుకోను' అనేవాడు ఒకడు, 'అది తెలుసుకోగలిగేది కాదు' అనేవాడు ఇంకొకడు. మొదటివాడు ఒక మాట చెప్తున్నాడు, దానికి ఆధారం చూపాల్సిన బాధ్యత అతనిదే. రెండోవాడికి ఆ బాధ్యత లేదు. మావాళ్లు గుడి ముందర మొదటివాడిలా మాట్లాడి, రుజువు అడగగానే రెండోవాడిలా తప్పుకుంటారు. అవతలివాళ్లకు కోపం రావడం న్యాయమే.

రెండో పొరపాటు మహిమల గుట్టు విప్పి, దేవుని సంగతి తేలిపోయిందనుకోవడం. కొమురవెల్లి అగ్నిగుండాలు తీసుకోండి, పీరీల పండుగ నాటి గుండం తీసుకోండి. కణకణలాడే బొగ్గుకు వేడిని పాదానికి పంపే గుణం తక్కువ, పైన బూడిద పొర ఉంటే ఇంకా తక్కువ. అడుగు ఆనేది సెకను లోపే. గుండం నాలుగైదు అడుగుల్లో దాటిపోతుంది. చర్మం కాలేంత వేడి ఎక్కే లోపల పాదం లేచిపోతుంది. కాలేది ఎప్పుడంటే, మధ్యలో ఆగినప్పుడు, పరుగెత్తి పాదం లోతుగా దిగబడినప్పుడు, వేళ్ల సందున నిప్పు ఇరుక్కున్నప్పుడు, కట్టెలతో పాటు మేకులు పడి ఉన్నప్పుడు. ఇనుము వేడిని ఒక్కసారిగా దింపుతుంది. చంకలో పిల్లను ఎత్తుకుని దిగడం మాత్రం ఎవరు చేసినా వద్దనాలి, తూలి పడితే పిల్ల నిప్పుల్లో పడుతుంది.

ఇదంతా 'ఎలా దాటారు' అన్నదానికి జవాబు. 'ఎందుకు దాటారు' అన్నదానికి కాదు. దాటినామెకు పాదం కాలకపోవడం కన్నా మాట తీరడం ముఖ్యమైతే మీ భౌతికశాస్త్రం ఆమెకు తగలదు. 'గుండం దాటాను కాబట్టి నేను చెప్పినట్టు వినండి' అని ఎవరైనా అంటే, అప్పుడు ఈ వివరమంతా చెప్పండి, అది అవసరమైన చోటు అదే.

మూడోది, 'దేవుడు లేకపోతే నీతి ఎక్కడిది' అని అడిగితే భక్తుల నేరాల చిట్టా విప్పడం. అడిగింది నీ నీతి గురించి. నాస్తికోద్యమ నాయకుడు గోరా దీనికి ఆచరణతోనే బదులిచ్చారు: కులం చూడని సహపంక్తి భోజనాలు, అంటరానితనం మీద పోరు. ఆయన కూతురి పెళ్లికి 'దేవుని సాక్షిగా' అన్న చోట 'సత్యం సాక్షిగా' అని మార్చడానికి గాంధీ ఒప్పుకున్నారు. ఆ పెళ్లి గాంధీ పోయాక 1948లో సేవాగ్రాంలో జరిగింది. ఇద్దరూ దేవుని సంగతి తేల్చుకోలేదు. ఏ మాట ఇద్దరూ మనస్ఫూర్తిగా పలకగలరో అది తేల్చుకున్నారు.

ఇక మా వైపు అందరికంటే కష్టపెట్టే ప్రశ్న: 'రేపు మీ అమ్మ పోతే దినాలు చేయవా?' ఇది దేవుని గురించి కాదు, ఇంటి గురించి. దీనికి సిద్ధాంతం చెప్పినవాడు చుట్టాలను పోగొట్టుకుంటాడు. లెక్కగా చెప్పాలి: 'కాటిదాకా వస్తాను, ఖర్చు పెట్టుకుంటాను, వచ్చినవాళ్లకు అన్నం పెడతాను, పిట్టకు పెట్టే రోజు ఇంట్లోనే ఉంటాను, మంత్రం మాత్రం చెప్పను, తలకొరివి తమ్ముడు పెడతాడు.' దేహదానం అనేవాళ్లు సంతకం చేసి ఊరుకోవద్దు. కాకతీయ మెడికల్ కాలేజీ అనాటమీ విభాగంలో పత్రం ఇచ్చినా, పోయిన తర్వాత ఇంటివాళ్లు ఒప్పుకోకపోతే అది జరగదు. ప్రమాదంలో పోయి పోస్టుమార్టం అయితే సాధారణంగా తీసుకోరు. కళ్లు ఆరు గంటల్లోపు తీయాలి. అందుకే ముందుగా ఒప్పించాల్సింది భార్యను, బిడ్డలను.

జవాబు: బమ్మెర_దారి

నమ్మేవాళ్ల వైపు నేను రాస్త.

తెలుగులో 'నమ్మకం' అనే మాట రెండు పనులు చేస్తది. 'సమ్మక్క మీద నమ్మకం' వేరు, 'సమ్మక్క ఉన్నదని నమ్మకం' వేరు. మొదటిది తల్లి మీద పిల్లకు ఉండేది, రెండోది ఒక సంగతిని నిజమని ఒప్పుకునుడు. నాస్తికుడు 'అని' పెట్టి అడుగుతడు, భక్తుడు 'మీద' పెట్టి జవాబు చెప్తడు. ఇద్దరూ ఒకే మాట వాడుతున్నరు కాబట్టి తేడా చెవికి దొరకదు. బైఠకుల ఎవరు 'నమ్మకం' అన్నా నడిపేవాళ్లు 'మీదనా, అనా?' అని ఆపి అడగాలె. నాకు తెలిసినంతల ఇంతకన్నా పనికొచ్చే పనిముట్టు లేదు.

ఇంకోటి, అందరు భక్తులనూ ఒకే తీరుగా అడగొద్దు. మేడారంల విగ్రహం లేదు, చదివే పుస్తకం లేదు. గద్దెలున్నయ్, కుంకుమ భరిణె ఉన్నది, కోయ పూజారులున్నరు. అక్కడికి పోయేటామెను 'మీ గ్రంథం ఏమంటది' అని అడిగితే ఆమె దగ్గర లేనిదాన్ని అడిగినట్టు. ఆమెను మొక్కు గురించి, ఇంటి దేవుని గురించి అడగాలె.

చర్చికి పోయే అన్నను 'ఎందుకు నమ్మినవ్' అంటే ఆయన సాక్ష్యం చెప్తడు. సాక్ష్యం అంటే కోర్టుల చెప్పేది కాదు. ముందుగాల ఎట్లుంటి, దేవుడు ఎట్ల పట్టుకున్నడు, ఇప్పుడు ఎట్లున్న అని సంఘం ముందర చెప్పే పద్ధతి అది. దాన్ని మధ్యల ఆపి 'ఏ డాక్టరు రాసిండు, ఏ తారీఖు' అని అడ్డుప్రశ్నలు వేస్తే ప్రార్థనల చెయ్యి పట్టి గుంజినట్టైతది. మొత్తం విని, తర్వాత 'అన్నా, ఇందుల ఏది నీ అనుభవం, ఏది అందరూ ఒప్పుకోవాల్సిన సంగతి?' అని అడిగితే ఆయనే విడదీసి చెప్తడు.

ముస్లింలల్ల దర్గా ముచ్చట ఎత్తేటప్పుడు పైలం. అన్నారం షరీఫ్‌కు హిందువులు కూడా పోయి కందూరు (మొక్కు విందు) చేస్తరు. వలీని, అంటే దర్గాల ఉన్న పుణ్యపురుషుణ్ని, మధ్యవర్తిగా పెట్టి అల్లాను అడుగుడు సరైందే అనే ముస్లింలున్నరు, అది ఏకదైవ విశ్వాసానికి అడ్డమనే ముస్లింలూ ఉన్నరు. 'మీ దర్గాల సంగతేంది' అని ఒకాయనను అడిగితే ఆయన ఒప్పుకోని దానికి ఆయనను జవాబుదారీ చేసినట్టు. పీరీలను ఎత్తుకునే హిందువును 'నువ్వు ఏ మతం' అని అడుగుడు కూడా అట్లాంటిదే. ఆ గడి ఆయన మనసుల లేదు.

సందేహం నమ్మనోళ్ల సొత్తు అనుకోవద్దని కూడా చెప్పుండ్రి. మా బమ్మెర పోతన గజేంద్రుని నోట 'కలడు కలండనెడివాడు కలడో లేడో' అనిపించిండు. అది మొర పెట్టుకునే భక్తుని నోట వచ్చిన మాట. భక్తులకు ఈ పద్యం యాది చేస్తే 'నాకు కూడా అప్పుడప్పుడు అనుమానం వస్తది' అని నలుగురిల చెప్పుడుకు ధైర్యం వస్తది.

జవాబు: ములుగు_రోడ్డు

సారుకు, బమ్మెర అక్కకు దండం పెట్టి ఒక మాట. మీరిద్దరూ చెప్పినట్టు నడిపితే బైఠకు చల్లగ ఉంటది, గని 'నిజమేనా' అనే ప్రశ్న ఎవరూ అడగని కాడికి వస్తది. అన్నీ 'అర్థం' కింద రాసుకొని ఇండ్లకు పోతరు. కొన్ని ప్రశ్నలకు జవాబు తప్పైతే మనిషికి దెబ్బ తగులుతది.

గ్రహణం పూట కడుపుతోని ఉన్నామె కత్తి పడితే పిల్లకు మొర్రి వస్తదంటరు. ఇది మనోభావం కాదు, వాస్తవం ప్రశ్న, దీనికి జవాబున్నది. కడుపుల పిల్లకు పెదవి కలిసేది నాలుగో వారం నుంచి ఏడో వారం లోపల, అంగిలి కలిసేది ఆరు నుంచి తొమ్మిది వారాల లోపల. చానామందికి కడుపు నిలిచిందని తెలిసేదే ఆ రోజులల్ల. ఎనిమిదో నెలల గ్రహణం వస్తే ఆ పెదవి ఎప్పుడో కలిసిపోయి ఉంటది. అయినా ఆమెను పొద్దంతా నీళ్లు తాగకుండ చీకటర్రల పండబెడతరు. పుట్టిన పిల్లకు మొర్రి ఉంటే 'నువ్వే ఏదో కోసినవ్' అని తల్లిని ఇడ్సిపెట్టరు. దీన్ని 'వాళ్ల ఆచారం' అని ఊకుంటమా?

ఇంకా పెద్దది మంత్రాల నెపం. మన దిక్కు చేతబడి చేసిండన్న అనుమానంతోని మనుషులను చంపిన్రు, పండ్లు ఊడగొట్టిన్రు. ఒకరి మీద ఊర్ల ఆ మాట లేస్తే అది చర్చ చేసే ఘడియ కాదు. తిరిగి చెప్పుడు లేదు, చీటీ లేదు. ఆ మనిషిని ఊరు దాటించి 100కో 112కో ఫోన్ చేయాలె. చర్చ తర్వాత. అప్పుడు కూడా 'మంత్రాలున్నయా లేవా' అని మొదలుపెట్టొద్దు. 'ఆ పిల్లకు జరం ఎన్ని రోజులాయె, రక్తం పరీక్ష చేయించిండ్రా, మలేరియానా, డెంగీనా' అని రోగం కాడికెళ్లి మొదలుపెట్టాలె. రోగం పేరు దొరికినంక మంత్రం మాట ఎత్తేటోళ్లు తగ్గుతరు.

జవాబు: నర్సంపేట_సారు

తమ్ముడు పట్టుకున్నది సరైన లోపం. నేను రాసిందాంట్ల ఒకటి చేరుస్త: ప్రతి బైఠకుల కనీసం మూడు చీటీలు 'వాస్తవం' రకానివే ఉండాలె. వాటికి జవాబు చెప్పేటాయన చివరికి ఒక మాట చెప్పి తీరాలె: 'ఏం చూస్తే నా మనసు మారుతది' అన్నది. నమ్మినోడైనా నమ్మనోడైనా. 'ఏం చూసినా మారదు' అన్నా పర్వాలేదు. అప్పుడు అది వాస్తవం ప్రశ్న కాదు, ఆయనకు అది 'మీద' నమ్మకం అని తేలుతది, చీటీ వెనుక మార్చి రాయుండ్రి. మంత్రాల నెపం సంగతిల నేను ఒక్క అక్షరం మార్చ.

ప్రశ్న: పఠనమందిరం_హన్మకొండ

అందరికీ శణార్తి. రెండు అనుమానాలు మిగిలినయ్. ఫోన్ల వీడియో తీసి యూట్యూబ్‌ల పెట్టాలని పిల్లలు అంటున్నరు, పెట్టొచ్చా? మాకు జాగ చాలకపోతే పక్కనున్న సర్కారు బడిల పెట్టుకోవచ్చా?

జవాబు: కోర్టు_చౌరస్తా

వీడియో వద్దు. గంటన్నర చర్చలో ముప్పై సెకన్ల ముక్క బయటికి వస్తే ప్రశ్న ఉండదు, తిరిగి చెప్పడం ఉండదు, జవాబు ఒక్కటే మిగులుతుంది. మత విశ్వాసాలను ఉద్దేశపూర్వకంగా, దురుద్దేశంతో అవమానిస్తే భారతీయ న్యాయ సంహిత 299 సెక్షన్ కింద మూడేళ్ల దాకా శిక్ష ఉంది. 2024 జూలై 1కి ముందు ఇదే పాత శిక్షాస్మృతి (ఐపీసీ)లో 295ఎ. దురుద్దేశం ఉందని నిరూపించాలి, కాబట్టి నిజాయితీగా అడిగిన ప్రశ్న నేరం కాదు. కానీ అది కోర్టులో తేలేది, ఫిర్యాదు మాత్రం ముక్క చూసిన రోజే వస్తుంది. కావాలంటే ఒకరు చేత్తో రాసుకుని, మాట్లాడినవాళ్లకు చూపించి, వాళ్లు సరే అన్నాక గోడపత్రికలో పెట్టండి.

బడి విషయం. పూర్తిగా ప్రభుత్వ ధనంతో నడిచే విద్యాసంస్థలో మతబోధ ఉండకూడదని రాజ్యాంగం 28వ అధికరణం చెప్తుంది. మీది మతబోధ కాదు, కానీ బయటివాళ్లకు ఆ తేడా కనిపించదు. బడి వేళలు దాటాక, హెడ్మాస్టరు రాతపూర్వక అనుమతితో, పిల్లలు లేకుండా పెట్టుకుంటే ఇబ్బంది తక్కువ. ప్రశ్నించడాన్ని తప్పుపట్టేవాళ్లుంటే రాజ్యాంగంలోని 51ఎ(హెచ్) చూపండి. శాస్త్రీయ దృష్టిని, ప్రశ్నించి తెలుసుకునే గుణాన్ని పెంచుకోవడం పౌరుని విధి అని 1976లో చేర్చారు. నమ్మేవాళ్లకు 25వ అధికరణం ఇచ్చిన అంతఃకరణ స్వేచ్ఛ నమ్మనివాళ్లదీ. 2023లో తెలంగాణ హైకోర్టు జనన నమోదు దరఖాస్తులో 'మతం లేదు, కులం లేదు' అనే గడి పెట్టమన్నది.

హాజరు పట్టీలో మతం గడి పెట్టకండి. పేరు, ఊరు చాలు.

జవాబు: బమ్మెర_దారి

వేళ సంగతి ఎవరూ రాయలేదు, అక్కడనే సగం మంది రాకుండ పోతరు. శుక్రవారం పగలు వద్దు, జుమా నమాజు. ఆదివారం పొద్దున వద్దు, ఆరాధన. రంజాన్ నెలల సాయంత్రం పెడితే ఉపవాసం విడిచే వేళకు లేచిపోవాల్సి వస్తది. బతుకమ్మ తొమ్మిది రోజులు సాయంత్రం ఆడోళ్లు ఎవరూ రారు. మేడారం జాతర వారం అసలే వద్దు, బస్సులు కూడా దొరకయ్. ఆదివారం సాయంత్రం నాలుగు గంటలు అందరికీ కుదురుతది.

ఆడోళ్లు వస్తే వాళ్ల చీటీలు ముందుగాల తీయుండ్రి. మొక్కులు మొక్కేది, ఒక్కపొద్దులుండేది, గ్రహణానికి కట్టుబడేది ఎక్కువ వాళ్లే, ప్రశ్నలు మాత్రం వాళ్ల పక్కన కూసున్న మొగోళ్లను అడుగుతరు. చీటీ మీద తన పేరు రాయుడు ఇష్టం లేనామె ఉంటే పేరు లేకుండనే తీసుకొని నడిపేటాయన చదవాలె. దస్తూరి గుర్తుపడతరు కాబట్టి ఆయన దగ్గర తప్ప చీటీ ఎవరి చేతికీ పోవద్దు.